దుమ్ము నాది

మూడో సీజన్ మొత్తం పదకొండు భాగాలు.
అందులో కత్తి నాది కాదు,
కత్తి పట్టిన టాన్సీ నాది కాదు.
ఆమె కోపం డెల్‌రాయ్ గీశాడు,
జుట్టు ఒక్కటే ఇద్దరు గీశారు.
దుమ్ము నాది.

ఎవరైనా గోడ మీంచి దూకితే
మడమల కింద లేచేది,
గంటస్తంభం కూలినప్పుడు
వీధంతా మింగి మెల్లగా కక్కేది,
ఓడినవాడి పెదవి మీద
అందరూ వెళ్ళిపోయాక వాలేది.
స్వాన్సీలో ఉండే మా పెద్దమ్మ కూతురు అడిగితే
జనం కళ్ళల్లో దుమ్ము కొట్టడమే నా ఉద్యోగమని చెప్పాను.
జీతం బానే ఇస్తారా, అంది.

బ్రిస్టల్‌లో, బెడ్‌మిన్‌స్టర్‌లో,
సైకిళ్ళ రిపేరు కొట్టు పైన మా స్టూడియో.
కింద ఎవరో పంపు కొడుతుంటే
పైన నా బల్ల ఊపిరి తీసేది.
కిటికీ అంచున సీగల్ ఒకటి
ఎవరిదో చిప్స్ పొట్లం చీల్చుకుంటూ
గోడ మీది మా గడువుల పట్టికను
చదివినట్టే చూసేది.

ఏడో భాగం గుర్తుందా,
పొగమంచులో పోరాటం?
పదహారు నిమిషాలు నడుము కింద ఏమీ కనపడదు.
అది అయోమయానికి ప్రతీక అన్నారు,
యుద్ధంలో మనిషి కాళ్ళ కింద నేల పోవడం అన్నారు.
ఇప్పుడు చెబితే ఎవరికీ నష్టం లేదు:
కాళ్ళు గీసే అనైరిన్‌కి కవలలు పుట్టారు,
డబ్బు అయిపోయింది.
మోర్వెన్నా కాసేపు తల పట్టుకుని కూర్చుని
నా వంక తిరిగి
"మంచు పోసెయ్," అంది.
పోశాను.
ముందు మోకాళ్ళ దాకా, తెల్లారేసరికి నడుం దాకా.

తొమ్మిదో భాగానికి మా మీదే దుమ్మెత్తి పోశారు,
రూక్‌ని చంపేశామని.
వాడు పడ్డాక ఇరవై నాలుగు ఫ్రేములు చాలని రాసుంది.
అంతే గీశాను.
ఆ గురువారమే డెల్‌రాయ్ వాళ్ళ నాన్న పోయాడు.
సోమవారం వచ్చి, కోటు విప్పకుండానే
నా వెనక నిలబడి చూశాడు,
రూక్ పడటం, దుమ్ము లేవడం,
వెంటనే తర్వాతి దృశ్యం.
"ఇంకాస్త ఆగనీ," అన్నాడు.
తొంభై గీశాను.
ఎక్కువైన అరవై ఆరింటి లెక్క
మోర్వెన్నా అడగలేదు.

అంతసేపు ఆగే దుమ్ము ఎలా దిగుతుందో
నాకూ తెలీదు.
ఆ రాత్రి వంటింట్లో నల్ల దుప్పటి కట్టి,
ఫోన్ని టోస్టరుకి ఆనించి,
బియ్యప్పిండి ఎగరేశాను.
పద్దెనిమిది సార్లు.
ఫిలిపా నిద్రలేచి వచ్చి, గుమ్మంలో ఆగి,
ఏమిటని అడక్కుండా టార్చి పట్టుకుంది.
ఆమె పిల్లి పికిల్ పిండిలో నడిచి
మెట్ల నిండా ముగ్గేసింది.
రెండ్రోజులు ఇల్లంతా అట్ల వాసన,
అట్లు లేకుండా.

నాలుగో సీజన్ వేరే ఊళ్ళో తీశారు,
వేరే వాళ్ళు.
మొదటి భాగంలో టాన్సీ వంతెన మీంచి దూకింది,
కొత్త కోటు, కొత్త గొంతు.
మడమల కింద దుమ్ము లేచింది.
చూడగానే గుర్తుపట్టాను:
ఎడమకి కొద్దిగా తిరిగి, తెగినట్టే తెగి
మళ్ళీ కలిసే ఆ మెలిక.
పదిహేడోసారి ఎగరేసిన పిండి.
పాత ఫైళ్ళలోంచి ఎత్తి అతికించారు.
చివర్న పేర్లు పైకి పోతుంటే
రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను.
నా పేరు లేదు.
పేరుదేముంది అని అనను. ఉంటే బాగుండేది.

అందుకే మూడోదాన్ని మళ్ళీ మొదట్నుంచీ చూస్తున్నాను.
పదకొండో భాగం, కోట తలుపు మూసుకునే చోట
కింద ఎడమ మూల,
ఆరంటే ఆరు ఫ్రేములు,
దుమ్ములో ఒక పిల్లి పాదం ఉంది.
ఆపి చూస్తే కనపడుతుంది.
ఇన్నేళ్ళలో ఎవరూ ఆపలేదు.
ఆ క్షణాన టాన్సీ
పరిగెత్తుతూ ఉంటుంది మరి.